సముద్రంలో దిగినవాళ్ళ సంచి ఎవరి చేతిలో?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్ళు లాకర్ గది తాళాలు నా దగ్గరే ఉండేవి. ఊళ్ళోవాళ్ళ బంగారం భద్రంగా ఉందా లేదా అన్న ధ్యాసలోనే సగం జీవితం గడిపినదాన్ని. అందుకే గత జనవరిలో అండమాన్‌లో మాకు జరిగింది రాయకుండా ఉండలేకపోతున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే. వీలు చూసుకుని వేయండి. స్కూబా డైవింగ్‌కి వెళ్ళే తెలుగువాళ్ళు ఏటికేడాది పెరుగుతున్నారు. నీళ్ళలో ఊపిరి ఎలా తీసుకోవాలో వాళ్ళకి చెప్పేవాళ్ళున్నారు. ఒడ్డున వదిలిన సంచి సంగతి చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మావారు, మా అమ్మాయి, నేను బయల్దేరాం. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. దాని మొదటి బోనస్‌తో మమ్మల్ని తీసుకెళ్ళింది. మన విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ వెళ్తుందని చిన్నప్పటి నుంచీ వినడమే గానీ అటు వెళ్ళడం అదే మొదలు. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు, మేం డైవింగ్‌కి వెళ్ళిన హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పెట్టారు. కాగితాల మీద కొత్త పేర్లున్నా మనుషుల నోట ఇంకా పాతవే. నేనూ హేవ్‌లాక్ అనే రాస్తాను.

ఆ దీవిలో బీచ్‌లని నంబర్లతో పిలుస్తారు. అందరూ ఫొటోలు దిగే రాధానగర్ ఏడో నంబరు. మొదటిసారి డైవింగ్ చేసేవాళ్ళని ఎక్కువగా తీసుకెళ్ళేది నీమో రీఫ్ అనే చోటుకి. ఈత రాకపోయినా ఫర్వాలేదు, శిక్షకుడు పక్కనే ఉండి పట్టుకుంటాడు, 12 మీటర్ల లోతు దాటనివ్వరు. నాకు యాభై తొమ్మిదేళ్ళు. పుట్టి పెరిగింది భీమిలిలో, ఈత బాగానే వచ్చు. డాక్టరు గారు సరేనన్నాకే దిగాను.

ఆ ఉదయం ఏడింటి బ్యాచ్ మాది. కొబ్బరిచెట్ల కింద వెదురు తడికెలతో కట్టిన షెడ్డు. ఒక పక్క దండేనికి తడి రబ్బరు సూట్లు వేలాడుతున్నాయి, ఇంకో పక్క నీలం ప్లాస్టిక్ క్రేట్లలో మాస్కులు, కాళ్ళకి తొడిగే ఫిన్లు. గోడకి రెండు వరసల చెక్క అల్మారా, తలుపుల్లేవు. దాని పైన ఇంగ్లీషులో, హిందీలో బోర్డు: మీ విలువైన వస్తువులకి మేము బాధ్యులం కాము. సూట్లు సర్దుతున్న కుర్రాడు అల్మారా వైపు చెయ్యి చూపించి, సంచులు అక్కడ పెట్టేయమన్నాడు. ఉంగరాలు, గొలుసులు, గడియారాలు తీసేయమని శిక్షకుడు చెప్పాడు. నీళ్ళలో వేళ్ళు కాస్త సన్నబడి ఉంగరం జారిపోతుందట, మెరిసేవాటిని చూసి కొన్ని చేపలు దగ్గరికొస్తాయట. సూటుకి ఒక్క జేబు కూడా లేదు. మనిషి ఒంటి మీద ఏమీ ఉంచుకోవడానికి వీల్లేని ఆట ఇది. సరిగ్గా అప్పుడే అన్నీ ఒక సంచిలో పెట్టి, తలుపు లేని అల్మారాలో వదిలి, ముప్పావుగంట నీళ్ళ కిందికి వెళ్ళిపొమ్మంటారు.

నా మెడలో రెండున్నర తులాల నల్లపూసలు, పుస్తెలతాడు. పుస్తెల్ని అంతకుముందే విశాఖలో పసుపుతాడుకి మార్చుకుని, గొలుసు ఇంట్లోనే పెట్టి వచ్చాను. పసుపుతాడు సూటు లోపల ఉండిపోయింది, ఎవరూ తీయమనలేదు. నల్లపూసలు మాత్రం తీయాల్సి వచ్చింది. వాటిని చేతిరుమాలులో మూటకట్టి మావారి చొక్కా లోపలి జేబులో పెట్టి, పైన పిన్నీసు గుచ్చాను. మా అమ్మ రైలెక్కినప్పుడల్లా డబ్బు అలాగే దాచేది. మావారు నీళ్ళలో దిగరు. ఒడ్డున అల్మారా ఎదురుగా కూర్చుని సంచి చూస్తారన్నది మా ఏర్పాటు. తీరా పడవ కదిలేటప్పటికి, "సార్, మీరూ రండి, పడవలోంచి మేడమ్ గారి ఫొటోలు తీయొచ్చు" అన్నారు. ఆయన సరదాపడ్డారు. నేనూ రమ్మన్నాను. అమ్మాయి సంచి అల్మారాలో ఉండిపోయింది.

నీటి కింద చూసింది ఇక్కడ రాస్తే చోటు చాలదు. పసుపు, నారింజ రంగుల చిన్న చేప ఒకటి పూవులా కనబడే సముద్రపుష్పం అనే జీవి తీగల మధ్యలోంచి తల బయట పెట్టి, నా చెయ్యి కదిలితే లోపలికి పోయి, మళ్ళీ వచ్చి నన్నే చూసింది. ఆ ముప్పావుగంట నాకు జీవితాంతం గుర్తుంటుంది. అందుకే ఈ ఉత్తరం డైవింగ్‌కి వెళ్ళొద్దని చెప్పడానికి కాదు. తప్పకుండా వెళ్ళండి.

ఒడ్డుకొచ్చి, మంచినీళ్ళతో ఒళ్ళు కడుక్కుని, టీ తాగాం. సంచి పెట్టినచోటే ఉంది, జిప్పు వేసే ఉంది. పదిన్నరకి అమ్మాయి ఫొటో తీద్దామని జిప్పు లాగితే ఫోన్ లేదు, పర్సు లేదు. మడత పెట్టిన చున్నీ, సన్‌స్క్రీన్ డబ్బా, నీళ్ళ సీసా వేటికవే కదలకుండా ఉన్నాయి. తీసినవాళ్ళకి ఏది కావాలో బాగా తెలుసు. పర్సులో 11,500 రూపాయలు, రెండు డెబిట్ కార్డులు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్. మేం వచ్చేలోపు ఇంకో రెండు బ్యాచ్‌లవాళ్ళు అదే షెడ్డులో బట్టలు మార్చుకుని వెళ్ళారు. ఎవర్నని అనుమానించాలి? తీసింది ఎవరో ఈరోజుకీ మాకు తెలీదు. ఆ దీవివాళ్ళని ఒక్క మాట కూడా అనను. ముందురోజు ఫెర్రీ దగ్గర నా కళ్ళజోడు మర్చిపోతే, చాయ్ కొట్టు బెంగాలీ అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఇచ్చింది.

షెడ్డు నడిపేవాళ్ళని అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: "బోర్డు చూడలేదా మేడమ్?" సీసీ కెమెరా ఉందా అంటే ఉంది. అది వాళ్ళ డబ్బుల బల్లని చూస్తోంది. అల్మారా వైపు ఏదీ లేదు. పోయిన ఫోను కంటే ఆ కెమెరా మొహమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళ సొమ్ము కాపాడుకోవడం వాళ్ళకి తెలియక కాదు కదా.

ఆ తర్వాతి గంట గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మావారి ఫోన్ ఉండబట్టి బతికిపోయాం. ముందు సిమ్ కంపెనీకి ఫోన్ చేసి నంబరు ఆపించాం. చాలామంది కార్డులే ముందు ఆపిస్తారు. కానీ ఫోన్‌కి తాళం ఉన్నా సరే, సిమ్ ఊడదీసి ఇంకో ఫోన్లో వేస్తే ఓటీపీలన్నీ దొంగకే వెళ్తాయి. సిమ్‌కి కూడా విడిగా పిన్ పెట్టుకోవచ్చు, ఫోన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. మా అమ్మాయి పెట్టుకోలేదు, నిజానికి నేనూ అప్పటిదాకా పెట్టుకోలేదు. తర్వాత కార్డులు, యూపీఐ. తాకిస్తే చాలు డబ్బు కట్టేసే కార్డులకి 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా పిన్ అక్కర్లేదు. ప్రయాణం పెట్టుకున్నప్పుడు బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆ సదుపాయం ఆపేసుకోవడం రెండు నిమిషాల పని. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకి మూడు పనిదినాల్లోపు చెప్పడం ముఖ్యం. 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వుల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడోవాళ్ళ మోసమైతే, ఆ గడువులో చెప్పినవాళ్ళ మీద నష్టం పడదు. మా అదృష్టం, ఖాతాలోంచి పైసా పోలేదు.

అసలు చిక్కు గుర్తింపు కార్డుది. దీవి మీద ఉన్నాం. ఫెర్రీకి కార్డు చూపించాలి, విమానానికీ చూపించాలి. కార్డు పర్సులో పోయింది, కార్డుల నకళ్ళు చూపించే డిజిలాకర్ యాప్ ఫోన్లో పోయింది, ఓటీపీ వచ్చే నంబరు ఆపించేశాం. పిల్ల మొహం పాలిపోయింది. అప్పుడు మావారికి గుర్తొచ్చింది: దాని ఆధార్ స్కూల్లో ఉన్నప్పుడు తీసిందే, దానికి ఆయన నంబరే ఇచ్చాం, మార్చలేదు. ఓటీపీ ఆయన ఫోన్‌కి వచ్చింది. డిజిలాకర్ తెరుచుకుంది. చెన్నైకీ దీవులకీ మధ్య సముద్రం అడుగున 2,312 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు, హేవ్‌లాక్‌కి కూడా దాని శాఖ ఉంది. అందువల్లే అక్కడ ఈమాత్రం ఇంటర్నెట్ దొరికింది. ఇంట్లో అందరి కార్డుల నకళ్ళూ ఇంకొకరి ఫోన్లో కూడా ఉండాలి. అసలు కార్డు ఒక్కటైనా హోటల్ గదిలో పెట్టెలో వదిలి వెళ్ళాలి. అన్నీ ఒకే పర్సులో పెట్టుకుని తిరగడం మేం చేసిన తప్పు.

పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ ఓపిగ్గా రాసుకున్నారు. ఇక్కడ పాఠకులకి ఒక మాట. "పోయింది" అని రాసివ్వడం వేరు, "దొంగిలించారు" అని ఫిర్యాదు ఇవ్వడం వేరు. త్వరగా తేలిపోతుందని చాలామంది మొదటిది రాసిచ్చి వచ్చేస్తారు. ప్రయాణ బీమా చేయించుకున్నవాళ్ళకి ఆ ఒక్క మాటతోనే క్లెయిము పోవచ్చు. పైగా మనిషి కాపలా లేకుండా వదిలేసిన సామాను చాలా పాలసీల్లో చెల్లదు, కొనేముందు చదువుకోవాలి. తిరుగు ఫెర్రీకి టైమైపోయింది, స్టేషన్‌కి వెళ్ళలేకపోయాం అనుకున్నా దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కేసు పెట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పుకోవచ్చు. ఇదే జీరో ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్‌లో పంపి, మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టొచ్చు కూడా. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అండమాన్‌లో పోయినదానికి విశాఖ పోలీసులు ఫిర్యాదు తీసుకోరేమోనన్న సందేహం వద్దు.

ఫోన్‌ని దేశమంతటా పనిచేయకుండా ఆపించే సీఈఐఆర్ అనే ఏర్పాటు ఉంది, సంచార్ సాథీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. దానికి ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు కావాలి. అది రాసున్న అట్టపెట్టె విశాఖలో మా ఇంటి అటక మీద ఉంది. ఎదురింటి పిన్నిగారి దగ్గర మా ఇంటి తాళం ఒకటి ఉంటుంది. డెబ్భై ఏళ్ళావిడ, మనవణ్ణి స్టూలెక్కించి అటక మీంచి పెట్టె దింపించి, పదిహేను అంకెలూ ఫోన్లో ఒక్కొక్కటే చదివి, నాచేత తిరిగి చెప్పించుకుని మరీ పెట్టేశారు. ఎవరైనా సరే ఈ ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే తమ ఫోన్లో *#06# కొట్టి, వచ్చిన నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. మా అమ్మాయి ఫోన్ దొరకలేదు. కానీ అది ఇప్పుడు మన దేశంలో ఏ సిమ్ వేసినా పలకదు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను. ఆ బోర్డు. "మేము బాధ్యులం కాము." నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్యాంకు లాకర్ ఒప్పందంలోనూ ఇంచుమించు ఇదే మాట ఉండేది. లోపల ఏముందో మాకు తెలీదు, పోతే మాకు సంబంధం లేదు అని. ఖాతాదారులు ముఖం చిన్నబుచ్చుకుని సంతకం పెట్టేవారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక లాకర్ కేసులో, బ్యాంకులు ఇలా చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పింది. ఆ ఏడాది ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. 2022 జనవరి 1 నుంచి, దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటి వాటివల్ల లాకర్లోది పోతే లాకర్ ఏటి అద్దెకి వంద రెట్ల దాకా బ్యాంకు ఇచ్చుకోవాలి. ముప్ఫై ఏళ్ళు చలించదనుకున్న మాట కదిలింది. పడవల షెడ్డు గోడ మీద బోర్డు ఎందుకు కదలకూడదు?

బ్యాంకు పరీక్షలకి చదివిన చట్టం నాకింకా గుర్తుంది. ఒకరి వస్తువుని మళ్ళీ ఇచ్చేస్తానన్న ఒప్పందం మీద ఇంకొకరు చేతికి తీసుకుంటే దాన్ని బెయిల్‌మెంట్ అంటారు, 1872 నాటి ఒప్పందాల చట్టం 148వ సెక్షన్. అలా తీసుకున్నవాడు, బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగానూ చూడాలి, అది 151వ సెక్షన్. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో తీర్పిచ్చింది. ఢిల్లీలో పెద్ద హోటల్‌కి 1998లో వెళ్ళిన ఆయన కారు తాళం హోటల్ మనిషి చేతికిచ్చి చీటీ తీసుకున్నాడు, వచ్చి చూస్తే కారు లేదు. చీటీ మీద కారు యజమానిదే బాధ్యత అని అచ్చేసి ఉంది. ఆ అచ్చు చూపించి తమ నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని కోర్టు తేల్చింది.

నేను రాత్రింబవళ్ళు ఆలోచించింది ఈ "చేతికి" అన్న మాట గురించే. కారాయన తాళం చేతికిచ్చాడు, చీటీ తీసుకున్నాడు. మేం చేతికివ్వలేదు. అల్మారాలో పెట్టాం. "అక్కడ పెట్టేయండి" అన్న కుర్రాడు సంచిని ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడంలోనే వాళ్ళ భద్రత ఉంది, మన నష్టమూ ఉంది. అందుకే డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఎక్కడా పెట్టొద్దు, ఎవరి చేతికైనా ఇవ్వండి. ఫలానా ఫోన్, ఫలానా పర్సు అని చూపించి, చిన్న కవరులో వేసి, అతికించి, సంతకం పెట్టి, షెడ్డు యజమాని చేతికివ్వండి, చీటీ అడగండి. తీసుకోనంటే విలువైనవి ఏవీ షెడ్డుదాకా తీసుకెళ్ళకండి. డబ్బు కట్టకముందే ఆ సంగతి అడిగితే ఇంకా మంచిది. నీళ్ళకి ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, వీడియో ఇస్తారా అని అడుగుతాం కదా, సంచి ఎవరు చూస్తారని కూడా అడగాలి.

వాళ్ళకి దీనివల్ల పెద్ద ఖర్చేమీ లేదు. మా బ్యాంకులో ఒకప్పుడు చెక్కు ఇస్తే ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్ళం, నంబరు చెక్కి ఉండేది. టోకెన్ చూపిస్తేనే డబ్బు. అలాంటి రేకు టోకెన్ ఒకటి రబ్బరు పట్టీతో మణికట్టుకి కట్టుకుంటే నీళ్ళలోనూ ఊడదు. ఇరవై అరల ఇనప బీరువా, ఒక రిజిస్టరు, తాళం చూసుకునే ఒక మనిషి, బీరువా వైపు తిప్పిన ఒక కెమెరా. మనిషికి వేలల్లో డబ్బు తీసుకునేవాళ్ళు ఈ నాలుగూ పెట్టలేరంటే నేను నమ్మను. సముద్ర క్రీడలకి అనుమతులిచ్చే శాఖలు ఆక్సిజన్, ప్రథమ చికిత్స, లైఫ్ జాకెట్ల గురించి అడిగేటప్పుడు ఈ బీరువా గురించి కూడా అడగాలి. లేనిచోట అనుమతి పొడిగించకూడదు.

మా అక్క కొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు, డైవింగ్ పిచ్చి వాడిది. ఇదంతా చెబితే కరీబియన్ సముద్రంలో బోనెయిర్ అనే డచ్చివాళ్ళ దీవి సంగతి చెప్పాడు. అక్కడ పడవ అక్కర్లేదట. అద్దెకి తీసుకున్న పికప్‌లో సిలిండర్లు వేసుకుని రోడ్డు వెంట వెళ్తూ, పసుపు రంగు పూసిన రాయి కనబడ్డచోట ఆపి, నడిచి నీళ్ళలోకి దిగిపోవడమే. దిగినవాడు గంటకి గానీ పైకి రాడని ఒడ్డున అందరికీ తెలుసు. అద్దాలు పగలగొట్టి బళ్ళు వెతకడం అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న బాధ. అందుకని డైవర్లు బండికి తాళమే వేయరు. అద్దాలు దింపేసి, ముందు అర తెరిచి ఖాళీగా వదిలి, పాత తువ్వాలు, చెప్పులు, నీళ్ళ సీసా తప్ప ఏమీ ఉంచరు. దొంగ చూస్తాడు, వెళ్ళిపోతాడు, అద్దం మిగులుతుంది. వాడు ఫోన్ గదిలో పెట్టి, భోజనానికి సరిపడా నోట్లు తీసుకుని వెళ్తాడట. పోవడానికి ఏమీ లేకుండా వెళ్ళడమే అన్నిటికంటే గట్టి తాళమని వాడి అనుభవం. నాకది పూర్తిగా నచ్చలేదు, తాళాల దగ్గర బతికినదాన్ని. కానీ తలుపు లేని అల్మారా ముందు ఆ మాటే సరైనది.

సొంత సామాను కొనుక్కున్నవాళ్ళకి వాడు చెప్పిన ఇంకో సంగతి. డైవింగ్ అయ్యాక ఉప్పు పోవడానికి అందరి సామానూ ఒకే మంచినీళ్ళ తొట్టిలో ముంచుతారు. మాస్కులన్నీ నలుపే, నోటికి గాలి అందించే రెగ్యులేటర్లన్నీ నలుపే. సగం పోయేవి దొంగతనంగా కాదు, పొరపాటున ఇంకొకరి సంచిలోకి వెళ్ళిపోతాయి. కంటికి కనబడేలా రంగు గుర్తు పెట్టుకోవాలి. మాస్కు పట్టీకి గోళ్ళ రంగు నాలుగు చుక్కలు చాలు. సీరియల్ నంబర్ల ఫొటో ఇంట్లోవాళ్ళకి పంపి ఉంచాలి. మెడలో వేసుకునే ప్లాస్టిక్ కవర్లో ఫోన్ పెట్టుకుని దిగుదామనుకునేవాళ్ళు కూడా ఆగండి. 12 మీటర్ల దగ్గర మన ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు దాటుతుంది. వాన నీళ్ళకి ఆగే కవరు అక్కడ ఆగదు.

ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మనవి. దీవికి వెళ్తూ బంగారం వద్దు. పుస్తెలు పసుపుతాడుకి మార్చుకుంటే అందులో లోటేం లేదు, మన పెద్దవాళ్ళు తాడే కట్టారు. చెవులకి చిన్న దుద్దులు చాలు, చేతికి గాజులు లేకపోయినా ఫర్వాలేదు. నా నల్లపూసలు పిన్నీసు పుణ్యాన దక్కాయి. నిజానికి అవి కూడా ఇంటి దగ్గర లాకర్లో ఉండాల్సినవి. ఫొటోలో మెడ బోసిగా ఉంటుందని వేసుకెళ్ళాను.

ఇదంతా అండమాన్ సంగతి, మనకెందుకని అనుకోకండి. మన ఋషికొండలో స్కూబా డైవింగ్ ఉంది. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. మేం వచ్చాక ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్ళి చూశాను. స్నానానికి దిగే కుర్రాళ్ళు కారు తాళం ముందు చక్రం మీద పెట్టి, చుట్టూ చూసి, వెళ్ళిపోతున్నారు. పదిమంది పెట్టేచోటు దొంగకి తెలియదా? ఇప్పటి కారు తాళాల్లో చిప్పు, బ్యాటరీ ఉంటాయి, ఉప్పునీళ్ళలోకి తీసుకెళ్తే పాడవుతాయి. ఒడ్డున వదిలితే కారే పోవచ్చు. అక్కడ టోకెన్ ఇచ్చి సామాను చేతికి తీసుకునే గది ఒకటి పర్యాటక శాఖ కట్టించాలి. పది రూపాయలు తీసుకున్నా జనం ఇస్తారు. ఆ పని విశాఖలో మొదలైతే, మిగతా చోట్ల షెడ్లవాళ్ళకి చూపించడానికి మనకొక నమూనా ఉంటుంది. టోకెన్లు ఎలా నడపాలి, రిజిస్టరు ఎలా రాయాలి అన్నది నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను, జీతం అక్కర్లేదు. మా బ్యాచ్‌లో రిటైరైన మరో ముగ్గురు కూడా వస్తామన్నారు.

తిరుగు ప్రయాణం రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో మమ్మల్ని విమానాశ్రయానికి దింపిన ఆటో అతను తెలుగువాడు. తాతగారు సోంపేట వైపు నుంచి వచ్చారట. జరిగింది విని డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన చేతిలో పెట్టాం. "మళ్ళీ రండమ్మా, ఈసారి సంచి నా దగ్గర పెట్టి వెళ్ళండి" అన్నాడు. అతనికి తెలియకుండానే నేను ఆ షెడ్డువాళ్ళ నోట వినాలనుకున్న మాట అతను అన్నాడు.

డిసెంబరులో మా అక్క కొడుకు వస్తున్నాడు. ఋషికొండలో దిగుతానంటున్నాడు, అమ్మాయి కూడా సెలవు పెట్టి వస్తానంది. వాళ్ళు పైకొచ్చేదాకా సంచి ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున నేను కూర్చుంటానని చెప్పాను.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.